రక్తహీనత: రకాలు, కారణాలు

రక్తంలో హిమోగ్లోబిన్ ఉండవలసిన దానికంటే తక్కువగా ఉండటమే రక్తహీనత. ఆయుర్వేదంలో దీన్ని పాండురోగం అన్నారు. ఆసుపత్రిలో ఎనీమియా అంటారు. ఇళ్లలో వినిపించే మాట ‘ఒంట్లో రక్తం లేదు’. జ్వరం ఎలా ఒక్క జబ్బు పేరు కాదో, రక్తహీనత కూడా అలాగే ఒక్క జబ్బు పేరు కాదు. తిండిలో ఇనుము చాలకపోయినా, పేగుల్లో పురుగులు రక్తం పీల్చినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, అమ్మానాన్నల నుంచి లోపమున్న జన్యువు వచ్చినా పైకి కనిపించేది ఒకటే: పాలిపోయిన ముఖం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాగితం మీద తగ్గిన అంకె. కానీ ఒక రకానికి ప్రాణం పోసే మందు మరో రకానికి చేటు చేస్తుంది. అందుకే రక్తం తక్కువగా ఉందని తేలిన రోజున వెంటనే అడగవలసిన ప్రశ్న ‘ఎందుకు తగ్గింది?’ అన్నది.

కొలత, హద్దులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుల ప్రకారం డెసిలీటరు రక్తంలో, అంటే 100 మిల్లీలీటర్లలో, హిమోగ్లోబిన్ మగవారికి 13 గ్రాములు, గర్భం లేని స్త్రీలకు 12, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. గర్భిణులకు మధ్య మూడు నెలల్లో ఈ హద్దును 10.5గా తీసుకుంటారు. గర్భిణిలో 7 కంటే, మిగతా పెద్దవారిలో 8 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత.

ఈ అంకె ఎలా వస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. చాలాకాలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సాహ్లీ పద్ధతే దిక్కు. వేలి కొన మీద సూదితో పొడిచి, సన్నని గాజు గొట్టంతో ఒక్క బొట్టు రక్తం పీల్చి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న గాజు నాళికలోకి వదులుతారు. ఎరుపు కాస్తా గోధుమ రంగులోకి తిరుగుతుంది. పక్కనే ఉన్న గోధుమ రంగు గాజుకడ్డీ ఛాయతో సరిపోలే దాకా నీళ్లు చుక్కచుక్కగా కలుపుతారు. సరిపోలిన చోట నాళిక మీద ఉన్న గీతే హిమోగ్లోబిన్. కంటి చూపు మీదా, గది వెలుతురు మీదా ఆధారపడే కొలత ఇది. ఇప్పుడు చేతిలో పట్టే డిజిటల్ మీటర్లు వచ్చాయి. ఏ పద్ధతిలోనైనా ఆ అంకె ఎంత తగ్గిందో చెబుతుంది గాని ఎందుకు తగ్గిందో చెప్పదు.

ఎర్రకణం పుట్టుక, చావు

కారణాలు తెలియాలంటే ముందు ఎర్రకణం బతుకు తెలియాలి. పెద్దవారిలో ఎర్రకణాలు వెన్నుపూసలు, పక్కటెముకలు, రొమ్ము ఎముక, కటి ఎముకల్లోని మజ్జలో పుడతాయి. సెకనుకు సుమారు 20 లక్షల కణాలు తయారవుతాయి. తయారీకి ఆజ్ఞ మూత్రపిండాల నుంచి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినట్టు పసిగట్టగానే అవి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకే 2019లో విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆజ్ఞ అందితే చాలదు, సరుకు కూడా ఉండాలి. హిమోగ్లోబిన్ అణువుకు నాలుగు ప్రోటీన్ గొలుసులుంటాయి. ఒక్కో గొలుసు ఒడిలో ఒక్కో హీమ్, దాని నడుమ ఒక్కో ఇనుప పరమాణువు. హీమ్‌కు ఇనుము కావాలి. గొలుసులకు సరైన జన్యువు కావాలి. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం (ఫోలేట్), బి12 విటమిన్ కావాలి. తయారైన ఎర్రకణం సుమారు 120 రోజులు తిరిగి, ముసలిదై, ప్లీహంలోనూ కాలేయంలోనూ విచ్ఛిన్నమవుతుంది. దానిలోని ఇనుము మళ్లీ మజ్జకే చేరుతుంది.

ఈ చక్రం మూడు చోట్ల తెగవచ్చు. రక్తం ఒంట్లోంచి బయటికి పోవచ్చు. మజ్జలో తయారీ తగ్గవచ్చు. తయారైన కణాలు గడువుకు ముందే పగిలిపోవచ్చు. రక్తహీనతలో ఉన్న రకాలన్నీ ఈ మూడు దారుల్లోనే ఇముడుతాయి, కొన్ని జబ్బుల్లో రెండు మూడు దారులు కలుస్తాయి. ప్రయోగశాలలో మరో విభజన కూడా వాడతారు. ఎర్రకణం సగటు పరిమాణాన్ని ఎంసీవీ అంటారు. అది 80 ఫెమ్టోలీటర్ల కంటే తక్కువైతే చిన్నకణ రక్తహీనత, 100 దాటితే పెద్దకణ రక్తహీనత, నడుమ ఉంటే సాధారణ కణ రక్తహీనత. ఇనుము లోపం, తలసేమియా మొదటి వర్గంలోకి వస్తాయి. బి12, ఫోలేట్ లోపాలు రెండో వర్గంలోకి వస్తాయి. హఠాత్తుగా జరిగిన రక్తస్రావం, మూత్రపిండాల జబ్బు మూడో దానిలోకి వస్తాయి.

ఇనుము లోపం

ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ మందిలో కనిపించే రకం ఇదే. పెద్దవారి ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు మాత్రమే. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మజ్జకు రోజూ కావలసిన 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుములో దాదాపు అంతా పాత కణాల నుంచే వస్తుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఒక మిల్లీలీటరు రక్తం పోతే సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోయినట్టు. ఈ లెక్క గుర్తుంటే ఇనుము లోపానికి రక్తనష్టం ఎందుకంత పెద్ద కారణమో అర్థమవుతుంది.

నెలసరిలో సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే అధిక రక్తస్రావం. గర్భాశయంలో గడ్డలున్నా, హార్మోన్లు తారుమారైనా అంతకు మించి పోవచ్చు. ‘అందరికీ అయ్యేదే కదా’ అని ఏళ్ల తరబడి ఓర్చుకున్న స్త్రీ చివరికి ఇల్లు ఊడ్చినా ఆయాసపడే స్థితికి వస్తుంది. గర్భం నిలిచిన నాటి నుంచి కాన్పు దాకా బిడ్డకు, మావికి, పెరిగే రక్తానికి, కాన్పులో పోయే రక్తానికి కలిపి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోతే ఆ లోటు పూడదు.

మగవారిలోనూ, ముట్లుడిగిన స్త్రీలలోనూ ఇనుము తగ్గితే జీర్ణకోశాన్నే ముందు అనుమానించాలి. కడుపులో పుండు, మొలలు, కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగే మాత్రల వల్ల జీర్ణాశయం పొరకు తగిలే గాయాలు, పెద్దపేగు క్యాన్సర్, ఇవన్నీ కంటికి కనబడనంత కొద్దిగా రక్తాన్ని కారుస్తుంటాయి. అరవయ్యేళ్ల వ్యక్తికి రక్తం తగ్గితే టానిక్ సీసా రాసిచ్చి పంపేస్తే, లోపల ఉన్న క్యాన్సర్‌కు మరికొన్ని నెలల గడువిచ్చినట్టే అవుతుంది.

పల్లెల్లో మరో కారణం కొంకిపురుగు. దాని పిల్లలు తడి నేలలో ఉండి, చెప్పుల్లేని పాదం చర్మం గుండా ఒంట్లోకి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతులోకి పాకి, మింగినప్పుడు చిన్నపేగు చేరతాయి. అక్కడ గోడను కొరికి వేలాడతాయి. ఆంకిలోస్టోమా జాతి పురుగు ఒక్కటి రోజుకు సుమారు 0.15 మిల్లీలీటర్ల రక్తం పోయేలా చేస్తుంది. కడుపులో వంద పురుగులుంటే రోజుకు 15 మిల్లీలీటర్లు, నెలకు దాదాపు అర లీటరు. రక్తదానం చేసినవారి దగ్గర ఒకసారి తీసుకునేది సాధారణంగా 350 మిల్లీలీటర్లే. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో నులిపురుగుల నివారణ దినాన బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర విలువ ఈ లెక్కలో తెలుస్తుంది. మరుగుదొడ్డి, కాలికి చెప్పులు కూడా రక్తం నిలిపే మందులే.

తిండి వైపు నుంచి చూస్తే, మాంసం, చేపలలోని హీమ్ ఇనుము 15 నుంచి 35 శాతం దాకా ఒంటికి పడుతుంది. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల ఇనుము 2 నుంచి 20 శాతం లోపే. ధాన్యాల పొట్టులోని ఫైటేట్లు, టీ కాఫీల్లోని టానిన్లు దాన్ని పట్టి ఉంచుతాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు తోటకూర తిన్న ఫలితాన్ని చాలావరకు మింగేస్తుంది. అదే పప్పులోకి నిమ్మకాయ పిండుకున్నా, భోజనం తర్వాత జామకాయ తిన్నా విటమిన్ సి వల్ల ఇనుము బాగా పడుతుంది. రంగు ఎరుపు కాబట్టి బీట్‌రూట్ రక్తం పట్టిస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఆ ఎరుపుకూ ఇనుముకూ సంబంధం లేదు.

ఇనుము లోపానికి కొన్ని ప్రత్యేక గుర్తులున్నాయి. గోళ్లు పల్చబడి చెంచాలా గుంటపడతాయి, పెదాల మూలలు పగులుతాయి. కొందరికి తినకూడనివి తినాలనిపిస్తుంది. పచ్చి బియ్యం బొక్కే కోడలినీ, బలపాలు కొరికే బడిపిల్లనీ, గోడ సున్నం గీకి తినే గర్భిణినీ ఇంట్లో కోప్పడతారు. అది చెడ్డ అలవాటని తిట్టేకంటే హిమోగ్లోబిన్, ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించడం మేలు. ఇనుము నిండగానే ఆ యావ చాలామందిలో దానంతటదే పోతుంది.

బి12, ఫోలేట్ లోపాలు

ఈ రెండు విటమిన్లలో ఏది తగ్గినా మజ్జలోని కణాలకు డీఎన్‌ఏ సరిగా తయారు కాదు. కణం పెరుగుతుంది కాని వేళకు విభజన చెందదు. అందువల్ల పెద్దవిగా, తక్కువ సంఖ్యలో ఎర్రకణాలు బయటికి వస్తాయి. చాలా కణాలు మజ్జలోనే చచ్చిపోతాయి.

బి12 జంతు సంబంధమైన ఆహారంలోనే సహజంగా దొరుకుతుంది: మాంసం, చేప, గుడ్డు, పాలు. పాలూ పెరుగూ అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులకు లోపం వచ్చే అవకాశం ఎక్కువ. తిన్నది ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం ఒక ప్రత్యేక ప్రోటీన్‌ను ఇవ్వాలి. అది బి12ను పట్టుకొని చిన్నపేగు చివరి భాగం దాకా తీసుకుపోతుంది. ఒంటి రోగనిరోధక శక్తే ఆ జీర్ణాశయ కణాల మీద దాడి చేస్తే వచ్చేది పెర్నీషియస్ ఎనీమియా. 1920ల దాకా అది వచ్చిందంటే చావే. 1926లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ రోగులకు రోజూ కాలేయం తినిపించి బతికించారు. అంతకు ముందు కుక్కలపై పరిశోధనతో దారి చూపిన జార్జ్ విపుల్‌తో కలిపి వారికి 1934లో నోబెల్ ఇచ్చారు. కాలేయంలో పనిచేసిన పదార్థం బి12 అని 1948లో దాన్ని వేరుచేసినప్పుడు తేలింది. మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో, గ్యాస్ మాత్రలు మానకుండా మింగేవారిలో, జీర్ణాశయానికి శస్త్రచికిత్స జరిగినవారిలో కూడా బి12 తగ్గుతుంది. కాలేయంలో నిల్వ మూడు నుంచి ఐదేళ్లకు సరిపోతుంది గనుక లోపం నెమ్మదిగా, తెలియకుండా వస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లు, చీకట్లో తూలడం, మతిమరుపు రక్తం తగ్గకముందే కనిపించవచ్చు.

ఫోలేట్ ఆకుకూరల్లో, పప్పుల్లో, కాలేయంలో ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు నశిస్తుంది. నిల్వ కొన్ని నెలలకే సరిపోతుంది. గర్భం, మద్యపానం, పేగుల జబ్బులు, కొన్ని మూర్ఛ మందులు దీన్ని హరిస్తాయి. దీని కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో బొంబాయి వచ్చిన ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల పెద్దకణ రక్తహీనతను పరిశీలించారు. మార్మైట్ అనే ఈస్ట్ సారం తినిపిస్తే వారు కోలుకున్నారు. ఆ సారంలో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందం. ఆ పరిశోధనను నడిపినది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న జబ్బు స్ప్రూ. పేగుల్లోంచి ఫోలేట్‌ను ఒంటికి పట్టనివ్వని, రక్తాన్ని హరించే జబ్బు అది. ఇవాళ గర్భిణి చేతిలో పడే ప్రతి ఐరన్ మాత్రలోనూ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. తెలుగువాడి శ్రమ ఆ మాత్రలో ఉందన్న సంగతి మన బడిపిల్లలకు తెలియాలి. ఫోలేట్‌కు ఎదురు పనిచేసే క్యాన్సర్ మందులు, వాటి నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం కృషి ఫలితాలే. అవి కణవిభజనను ఆపుతాయి గనుక, వాటిని వాడేటప్పుడు ఫోలేట్ లోప రక్తహీనత రాకుండా వైద్యులు జాగ్రత్తపడతారు.

ఒక హెచ్చరిక. బి12 లోపమున్న మనిషికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది, నరాల నాశనం మాత్రం ఆగదు. కాగితం మీద అంకె బాగుందని ధైర్యంగా ఉండగానే కాళ్లు చచ్చుబడవచ్చు.

దీర్ఘకాలిక జబ్బులు, మూత్రపిండాలు

క్షయ, కీళ్లవాతం, మానని పుండ్లు, క్యాన్సర్ ఉన్నవారిలో ఇనుము నిల్వలు నిండుగా ఉన్నా రక్తం తగ్గుతుంది. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ దీనికి మూలం. ఒంట్లో వాపు, మంట ఉన్నంతకాలం హెప్సిడిన్ పెరిగి, పేగు కణాల నుంచీ నిల్వ కణాల నుంచీ ఇనుము రక్తంలోకి రాకుండా తలుపు మూస్తుంది. సూక్ష్మజీవులకు ఇనుము అందనివ్వకుండా ఒళ్లు చేసుకున్న ఏర్పాటు ఇది. ఆ జాగ్రత్త వల్ల మజ్జ కూడా పస్తుంటుంది. గాదెలో ధాన్యం ఉండగానే ఇల్లు ఆకలితో ఉన్నట్టు. ఇక్కడ ఐరన్ మాత్రలతో పెద్దగా ఫలితముండదు. అసలు జబ్బుకు వైద్యం జరగాలి.

మూత్రపిండాలు దెబ్బతింటే ఎరిత్రోపోయిటిన్ తగ్గి మజ్జకు ఆజ్ఞ అందదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లోని ఊళ్లలో కొబ్బరి, జీడి తోటల నడుమ దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. అక్కడ డయాలసిస్‌కు వెళ్లే వ్యక్తి నీరసంలో సగం రక్తహీనతదే. ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, అవసరమైతే సిరలోకి ఎక్కించే ఇనుము వారికి కొంత ఓపిక తెచ్చిపెడతాయి. థైరాయిడ్ తగ్గడం, కాలేయ వ్యాధులు కూడా ఇలాగే తయారీని మందగింపజేస్తాయి.

వంశపారంపర్య రక్తహీనతలు

హిమోగ్లోబిన్ గొలుసుల జన్యువుల్లో లోపముంటే రక్తహీనత పుట్టుకతోనే వస్తుంది. వీటిలో ముఖ్యమైనవి తలసేమియా, సికిల్ సెల్.

తలసేమియాలో గొలుసు తయారీయే తగ్గిపోతుంది. బీటా తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ మొదటి నెలల్లో బాగానే ఉంటాడు, ఎందుకంటే గర్భంలో పనిచేసిన హిమోగ్లోబిన్‌కు బీటా గొలుసు అక్కర్లేదు. అది తగ్గేకొద్దీ, ఆరు నెలలు దాటాక, బిడ్డ పాలిపోతాడు, పాలు తాగడు, ప్లీహం ఉబ్బి పొట్ట ముందుకు వస్తుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించే ఒక్కో సీసా రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేరుతుంది. ఇనుమును బయటికి పంపే మార్గం మన ఒంటికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది, అందుకే దాన్ని తీసేసే మందులు జీవితాంతం వాడాలి. హైదరాబాదులోని తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఇలాంటి పిల్లలకు రక్తం ఎక్కిస్తూ వస్తోంది. ఎండాకాలం రక్తనిధుల్లో నిల్వలు తగ్గినప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులు పడే ఆరాటం చూస్తే, ఒక యూనిట్ రక్తదానం ఎంత పెద్ద సాయమో తెలుస్తుంది.

సికిల్ సెల్‌లో గొలుసు తయారవుతుంది, కానీ తప్పుగా. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలైన్ వస్తుంది. 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ ఈ కొడవలి ఆకారపు కణాలను వర్ణించారు; 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న జబ్బు అని చూపింది. ఆక్సిజన్ తగ్గగానే ఆ హిమోగ్లోబిన్ కడ్డీల్లా గట్టిపడి, కణం కొడవలిలా వంగుతుంది. సన్న రక్తనాళాల్లో ఇరుక్కొని భరించలేని నొప్పి తెస్తుంది. 120 రోజులు బతకవలసిన కణం 10 నుంచి 20 రోజుల్లో పగిలిపోతుంది. ఒక్క లోప జన్యువే ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచింది. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. పాడేరు, పార్వతీపురం మన్యం, ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో కూడా ఇది ఉంది. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది దాని సంకల్పం.

ఈ రెండు జబ్బుల్లోనూ ఒకే లెక్క. భార్యాభర్తలిద్దరికీ ఒక్కో లోప జన్యువు ఉంటే, వారు ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామనో మేనబావనో చేసుకునే ఆచారం తెలుగునాట ఇంకా ఉంది. ఒకే తాత, ఒకే అవ్వ రక్తం పంచుకున్న ఇద్దరిలో ఒకే లోప జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. జాతకాలు చూసే ఇంట్లోనే హిమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరిసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ అనే చిన్న రక్తపరీక్ష చేయించుకుంటే ఓ బిడ్డ జీవితాంతపు బాధ తప్పుతుంది. గర్భం నిలిచాకైనా 10 నుంచి 12 వారాల మధ్య పిండానికి పరీక్ష చేయవచ్చు.

గడువుకు ముందే పగిలే కణాలు

మలేరియా పరాన్నజీవి ఎర్రకణంలో దూరి, పెరిగి, దాన్ని పగలగొట్టుకొని బయటికి వస్తుంది. ఒక్కో జ్వరపు దాడి వెనక కోట్ల కణాల చావు ఉంటుంది. ఆ పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే చూశారు. ఏజెన్సీ గ్రామాల పిల్లల్లో మలేరియా, పురుగులు, పోషకాహార లోపం మూడూ కలిసి రక్తాన్ని హరిస్తాయి.

జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం తల్లి నుంచి ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్, కొన్ని సల్ఫా మందులు, బట్టల్లో వేసే నాఫ్తలీన్ కలరా ఉండలు తగిలితే కణాలు ఒక్కసారిగా పగిలి మూత్రం నల్లటి టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. పచ్చకామెర్లూ వస్తాయి. అది కాలేయపు కామెర్లనుకొని ఆకు పసరు తాగించడం ప్రమాదం.

ఒంటి రోగనిరోధక శక్తే సొంత ఎర్రకణాలపై దాడి చేసే జబ్బులున్నాయి. వాటిని కూంబ్స్ పరీక్ష పట్టిస్తుంది. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు తర్వాతి బిడ్డ రక్తకణాలను పగలగొడతాయి. కాన్పు అయిన 72 గంటల్లోపు తల్లికి ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ దీన్ని ఆపుతుంది. గర్భస్రావం జరిగినప్పుడు కూడా ఈ ఇంజెక్షన్ అవసరమన్న సంగతి చాలామందికి తెలియదు.

మజ్జ వైఫల్యం

ఏప్లాస్టిక్ ఎనీమియాలో మజ్జ ఎండిపోయినట్టవుతుంది. ఎర్రకణాలతో పాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి గనుక పాలిపోవడంతో పాటు జ్వరాలు, చిగుళ్ల రక్తస్రావం, చర్మం మీద ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. చాలామందిలో సొంత రోగనిరోధక శక్తే మూలకణాలను చంపుతుంది. బెంజీన్, రేడియేషన్, అరుదుగా క్లోరాంఫెనికాల్ వంటి మందులు కూడా కారణాలు. జీవితమంతా రేడియం మధ్య పనిచేసిన మేరీ క్యూరీ 1934లో ఈ జబ్బుతోనే చనిపోయారు. రక్తక్యాన్సర్లు మజ్జలో చోటు ఆక్రమించి తయారీని ఆపుతాయి. సీసం ఒంట్లో చేరితే హీమ్ తయారీ ఆగుతుంది. పాత బ్యాటరీలు కరిగించే చోట పనిచేసేవారిలో, ఆ పరిసరాల పిల్లల్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ వల్ల బి6 తగ్గి కూడా హీమ్ తయారీ దెబ్బతినవచ్చు.

కారణం పట్టుకోవడం

ఉదాహరణకు ఒకే రోజు ఒక ల్యాబ్‌లో ఇద్దరు స్త్రీల రిపోర్టులు వచ్చాయనుకుందాం. ఇద్దరికీ హిమోగ్లోబిన్ 10.2. మొదటి ఆమెకు ఎంసీవీ 74, ఎర్రకణాలు ఘన మిల్లీమీటరుకు 45 లక్షలు. రెండో ఆమెకు ఎంసీవీ 60, ఎర్రకణాలు 54 లక్షలు. హిమోగ్లోబిన్ మాత్రమే చూస్తే ఇద్దరికీ ఒకే ఐరన్ టానిక్. పక్క గళ్లు కూడా చదివితే కథ మారుతుంది. మొదటి ఆమె మజ్జకు సరుకు లేదు గనుక కణాల సంఖ్య పెరగలేదు, అవి చిన్నవే. రెండో ఆమె మజ్జ కణాలను బోలెడన్ని తయారుచేస్తోంది, అన్నీ మరీ చిన్నవి. ఎంసీవీని మిలియన్లలో రాసిన కణాల సంఖ్యతో భాగిస్తే మొదటి ఆమెకు 16 పైన, రెండో ఆమెకు 11 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసేమియా జన్యువును అనుమానించాలి. ఈ లెక్క అనుమానానికే పనికొస్తుంది, నిర్ధారణకు హెచ్‌పీఎల్‌సీ కావాలి. రెండో ఆమెకు ఇనుము లోపం లేకపోతే నెలల తరబడి మింగే మాత్రలతో ప్రయోజనం లేదు. ఆమెకు నిజంగా కావలసింది భర్తకు కూడా రక్తపరీక్ష.

ఇనుము నిల్వకు ఫెరిటిన్ పరీక్ష ఉంది. ఒంట్లో వాపు ఉంటే ఆ అంకె పెరిగి మోసం చేస్తుంది గనుక దాన్ని జాగ్రత్తగా చదవాలి. మజ్జ గట్టిగా పనిచేస్తోందో లేదో రెటిక్యులోసైట్ల, అంటే లేత ఎర్రకణాల, సంఖ్య చెబుతుంది: కణాలు పగిలిపోతున్నప్పుడు పెరుగుతుంది, తయారీ ఆగినప్పుడు తగ్గుతుంది. గాజుపలక మీద పూసిన రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూడటం ఇప్పటికీ గొప్ప పరీక్షే. ఇనుము లోపంలో కణాలు అంచు మాత్రమే ఎర్రగా ఉండి, నడుమ తెల్లగా, గాజు ఉంగరాల్లా కనిపిస్తాయి. బి12 లోపంలో పెద్దపెద్ద కోడిగుడ్ల ఆకారపు కణాలుంటాయి. మలేరియాలో కణం లోపలే ఉంగరం లాంటి పరాన్నజీవి కూర్చుని ఉంటుంది.

మన దగ్గర పరిస్థితి

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి, మగవారిలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం. 1970 నుంచి దేశం ఐరన్ మాత్రలు పంచుతూనే ఉంది. 2018లో ‘ఎనీమియా ముక్త్ భారత్’ మొదలైంది. చిన్నపిల్లలకు సిరప్, బడిపిల్లలకు గులాబీ మాత్ర, కౌమారంలో ఉన్నవారికి నీలి మాత్ర, గర్భిణులకు 180 రోజుల పాటు రోజూ ఒక ఎర్ర మాత్ర ఇవ్వాలి. ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ.

ఇంత జరిగినా అంకెలు తగ్గకపోవడానికి ఒకే కారణం లేదు. మాత్ర వేసుకుంటే కడుపులో వికారం, మలం నల్లబడటం చూసి భయపడి ఆపేసేవారున్నారు. నల్లబడటం ప్రమాదం కాదని ఆ ఒక్క మాట ఆశా కార్యకర్త చెప్పగలిగితే ఎన్నో మాత్రలు చెత్తబుట్టలో పడవు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అమ్మకు గుడ్డూ పాలూ మిగలవు. ఆమె రక్తహీనతకు కారణం ఆ వంటింటి వరసలోనూ ఉంది. ఇవి కాక, ఇనుము లోపం కాని రకాలను కూడా ఇనుముతోనే సరిదిద్దబోవడం మరో కారణం.

మార్గదర్శకాల్లో ఒక చిన్న నియమముంది. ఐరన్ మాత్రలు నెల రోజులు సరిగా వేసుకున్నా హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే, ఆ మనిషిని పై ఆసుపత్రికి పంపి కారణం వెతకాలి. ఈ నియమం ప్రతి ఏఎన్‌ఎం నోటా, ప్రతి తల్లి చెవినా పడాలి. నెల తర్వాత రెండోసారి వేలి కొన మీద సూది పొడిపించుకోవడానికి ఆమె రావాలి. వచ్చినప్పుడు కాగితం మీద అంకెతో పాటు, ఇనుము లోపమా, కొంకిపురుగులా, బి12 లోపమా, తలసేమియా జన్యువా, ఏదో ఒకటి రాసి ఉండాలి. ఆ ఒక్క పదం రాసిన కాగితమే ఆమెకు సరైన మందు చీటీ అవుతుంది.